అడ్డప్ప కొండకు సులువైన దారి

శేషన్న కాలి మీద పత్తి బేలు పడిన రోజున ఆదోని మిల్లులో ఎవరూ పని ఆపలేదు. ముందు బేలును పక్కకు తీశారు. తర్వాత శేషన్నను పక్కకు తీశారు. ముందు బేలునే ఎందుకు తీశారని అతని పెళ్లాం హుసేనమ్మ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉండేది. "బేలు కింద మనిషుంటే ముందు బేలే గదమ్మా తీయాల్సింది" అని ఎవరైనా అంటే, "నీకూ దాని మీదనే పేమ" అని వాళ్లనూ కలిపి తిట్టేది.

కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అడుగు వేస్తే ఎడమకాలు ముందుకు పోదామంటుంది, కుడికాలు పక్కకు పోదామంటుంది. హమాలీ పని పోయింది. ఊరికొచ్చి సెనక్కాయలు పీకుదామంటే గొంతుక్కూర్చోలేడు. అరుగు మీద చేరాడు. అరుగు మీద కూర్చున్న మగవాడికి బీడీ నిప్పు ఊరికే దొరుకుతుంది, సలహాలు అంతకంటే ఊరికే దొరుకుతాయి. కూలికి పోయి వచ్చిన హుసేనమ్మ గంప దించుతూ రోజూ ఒకే మాట అనేది: "ఆ అరుగైనా నీకంటే మేలు. అది గోడను మోస్తాంది."

వాళ్ల పల్లె ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు కాస్త లోపల, గుండ్లకొండ కింద ఉంది. కొండంటే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నల్లటి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, తుమ్మలు, బిల్లుడు చెట్లు. కట్టెలకు పోయేవాళ్లు పోతారు. తప్పిపోయిన మేకను వెతికేవాళ్లు పోతారు. ఊరికే ఎవరూ పోరు.

డెబ్బై తొమ్మిదిలో వాదిరాజ అనే ఆఫీసరు అడవి శాఖ తరఫున ఆదోనికి వచ్చాడు. మంత్రాలయం వైపు మనిషి. నుదుటి మీద మాధ్వులు పెట్టుకునే నల్లటి అంగారం గీత, చేతిలో తోలుసంచి. చెట్లు పెంచడం నేర్చుకుని రమ్మని ప్రభుత్వం ఆయన్ను కొన్నాళ్లు ఇటలీ దేశానికి పంపింది. ఆయన మాత్రం అక్కడ నడవడం నేర్చుకుని వచ్చాడు. ఒకరోజు పల్లెకు జీపులో వచ్చి, సుబ్బన్న టీ హోటల్లో బెంచీ మీద కూర్చుని, తాను చూసింది చెప్పడం మొదలుపెట్టాడు.

"అక్కడ మధ్యధరా సముద్రం పక్కన కొండలున్నాయప్పా. ఇట్లాంటివే, చెట్లు కొంచెం ఎక్కువ. ఆదివారమైతే ముసలివాళ్లు, పిల్లలు, అందరూ కొండెక్కుతారు. సులువైన దారి. రాళ్ల మీద గుర్తులుంటాయి. అవి చూసుకుంటూ పోవడమే."

"పైన ఏ దేవుడు సామీ?" అన్నాడు సుబ్బన్న, టీ వడబోస్తూ.

"దేవుడు లేడు."

"అట్లయితే కట్టెలకు."

"కట్టెలు కొట్టకూడదు."

"మేకలన్నా ఉంటాయి గదా?"

"ఏమీ ఉండవయ్యా. పైకి పోతారు, చుట్టూ చూస్తారు, తెచ్చుకున్న రొట్టె తింటారు, కిందికి వస్తారు."

సెనక్కాయ కూలికి పోయే కృపమ్మ గడప మీద కూర్చుని బొరుగులు నములుతోంది. "పాపం, ఏం తప్పు సేసినారో ఏమో" అంది.

వాదిరాజ నవ్వలేదు. గుండ్లకొండ మీద అలాంటి దారి ఒకటి వేస్తానన్నాడు. దానికి ఒక మనిషి కావాలన్నాడు. కుర్రవాళ్లు లేచి చొక్కా చేతులు మడిచారు. వాళ్లెవరినీ ఆయన చూడలేదు. టీ గ్లాసు పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ, ఊగుతూ వస్తున్న శేషన్నను చూశాడు.

"నువ్వు ఈ కొండెక్కగలవా?"

"ఎక్కలేను సామీ."

"అందుకే నువ్వే కావాలి. నువ్వెక్కిన దారైతే ఎవరైనా ఎక్కుతారు."

అట్లా కుంటితనానికి ఉద్యోగం ఇచ్చిన ఆఫీసరు జిల్లాలో ఆయనొక్కడే. టెంపరరీ వాచరు, రోజు కూలి. దారి తయారయ్యాక ఎండాకాలంలో కర్నూలు నుంచి పెద్దాఫీసరు వచ్చి చూస్తాడు. జనం దారిలో నడుస్తుంటే శేషన్న పర్మనెంటు అవుతాడు. నడవకపోతే దారీ ఉండదు, వాచరూ ఉండడు, మళ్లీ అరుగే. ఆ పర్మనెంటు అనే మాట విన్నప్పటి నుంచి హుసేనమ్మ మొగుణ్ని తిట్టడం తగ్గించింది. పూర్తిగా మానలేదు. తిట్టుకు తిట్టుకు మధ్య కాస్త ఊపిరి పీల్చుకునేది.

శేషన్న రోజూ పొద్దున కొండెక్కడం మొదలుపెట్టాడు. కాలు ఏడ్చిన చోట పక్కకు తిరిగాడు. ఏడవని చోట ఒక రాయి పెట్టాడు. నీడ కనబడితే అటు తిరిగాడు, కూర్చోవడానికి బండ కనబడితే ఇటు తిరిగాడు. మనిషి తమలపాకు నమిలేంతలో మేకలు ఎక్కేసే కొండకు అతను వేసిన దారి పేడపురుగు గీసిన గీతలా పోయింది. వాదిరాజ వచ్చి చూసి, "అచ్చం అక్కడున్నట్టే ఉంది" అని మురిసిపోయాడు. ఇక గుర్తులు పెట్టాలన్నాడు. దారి ఎటు పోతుందో అటు బాణం. పోకూడని చోట రెండు గీతలు ఒకదాన్నొకటి కోసేట్టు అడ్డంగా కొట్టెయ్యి. ఆఫీసు నుంచి తెల్ల పెయింటు డబ్బా ఒకటి, ఎర్ర పెయింటు డబ్బా ఒకటి పంపుతానన్నాడు.

పెయింటు రాలేదు. ఆఫీసు పెయింటు కోసం ఎదురుచూస్తే ఎండాకాలం వచ్చి పోతుందని శేషన్న ఇంట్లో ఉన్నదే కలిపాడు. ఇల్లు పూసుకునే సున్నం, గడపకు పట్టీలు వేసుకునే ఎర్రమట్టి జాజు. ఈతమట్ట చితక్కొట్టి కుంచె చేశాడు. మొదటి రాయి దగ్గర కుంచె ముంచబోతుంటే వెనక నుంచి హుసేనమ్మ కేకేసింది.

"ఓయ్, కొత్త పని! టెంకాయ కొట్టకుండా యాడన్నా సెయ్యి పెడతారా?"

"ఇది గవర్మెంటు పనే."

"గవర్మెంటుకైతే టెంకాయ వద్దా? ఆ మిల్లులో సేరిన రోజు కొట్టలేదు, అందుకే బేలు పడింది."

రాయికి పసుపు పూసింది, కుంకుమ బొట్టు పెట్టింది, టెంకాయ కొట్టింది. మొదటి రాయికి పెట్టి మిగతావాటికి పెట్టకపోతే బాగుండదని అన్నిటికీ ఒక్కో బొట్టు పెట్టుకుంటూ పైదాకా పోయింది. శేషన్న వెనకే పోయి సున్నం పూసి, జాజుతో బాణాలు వేశాడు. దారి సగంలో ఒక నున్నటి బండ ఉంది. దాని మీద కాలు పెడితే నేరుగా కింద వంకలో తేలుతారు. ఒకసారి తానే జారి సీతాఫలం చెట్టును పట్టుకుని బతికాడు. అందుకని దాని ముందున్న నిలువెత్తు రాయికి నిండా సున్నం కొట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు రెండు పెద్ద ఎర్రగీతలు ఒకదాన్నొకటి కోసేట్టు అడ్డంగా గీశాడు. భయంతో గీసిన గీతలు కాబట్టి బాగా వచ్చాయి.

దారి తయారైంది. ఒక్కరూ నడవలేదు. శేషన్న కొండ కింద నిలబడి పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ పిలిచేవాడు.

"రాండప్పా, సులువుగా ఉండాది. ఎక్కి సూడండి."

"పైన ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిది మా ఇంట్లో శానా ఉండాది లేప్పా" అని సుబ్బన్న నవ్వి పోయేవాడు.

వాదిరాజ తన భార్య రమాబాయిని తీసుకొచ్చి చపాతీల డబ్బాతో ఒక ఆదివారం ఎక్కాడు. పైకెళ్లాక ఆవిడ కొంగుతో చెమట తుడుచుకుని, "వచ్చాం కదా, ఇప్పుడేం చేయాలి?" అని అడిగింది. చుట్టూ చూడాలన్నాడాయన. ఆవిడ చుట్టూ చూసింది. "చూశాను. పదండి" అంది. ఆ దారిలో ఊరికే నడిచినవాళ్లు వాళ్లిద్దరే.

తర్వాత ఆ ఊరి ఉరుకుందమ్మ బర్రె తప్పిపోయింది. ఊరంతా వెతికి, వంకంతా వెతికి, చివరికి కొండెక్కితే, బర్రె ఆ రెండు గీతల రాయి ముందు నిలబడి నెమరు వేస్తోంది. ముందు బండ నున్నగా ఉంది గనక నిలబడింది. బర్రెకు ఆమాత్రం తెలుసు. ఉరుకుందమ్మకు మాత్రం వేరేగా కనబడింది. నిండా సున్నం, ఎర్రటి జాజు, కుంకుమ బొట్టు, కింద టెంకాయ చిప్ప. ఇంతకంటే దేవుడికి ఇంకేం ఉంటాయి? బర్రెను వదిలేసి చెప్పులు విప్పి సాగిలపడింది.

సాయంత్రానికి ఆ రాయికి పేరు కూడా వచ్చేసింది. అడ్డప్ప. అడ్డంగా నిలబడి ఆపే దేవుడు.

"అది నేను గీసిన గీత గదమ్మా!" అన్నాడు శేషన్న.

"నీ సేత గీయించినాడు" అంది ఉరుకుందమ్మ. దీనికి జవాబు ఏ ఆఫీసులోనూ లేదు.

"దేవుడూ కాదు, ఏమీ కాదు. అది సిలువ" అంది కృపమ్మ.

"సిలువ నిట్టనిలువుగా ఉంటాది గదక్కా?" అంది ఉరుకుందమ్మ.

"కొంచెం ఒరిగింది. బండ మీద నిలబడితే నువ్వు ఒరగవా?"

అట్లా రెండు మతాలవాళ్లూ కొండెక్కసాగారు. అడ్డప్ప దగ్గరికి పోవాలంటే దారిలో బాణం రాళ్లన్నీ దాటాలి. వాటికీ సున్నముంది, బొట్టుంది. దేవుడి ముందు చెప్పులతో ఎట్లా పోతారు? చెప్పులు కొండ కిందనే వదిలారు. దేవుణ్ని చుట్టకుండా ఎట్లా పోతారు? ప్రతి రాయి చుట్టూ ప్రదక్షిణం మొదలైంది, బాణం ఎటు చూపిస్తే అటు వైపుగా. ఒక రాయి పక్కన ముళ్లకంప ఉంది. అడవి శాఖ కొండ, కొమ్మ కొట్టకూడదు. జనం కంపలోంచే దూరి గీరుకుని బయటికి వచ్చి, ఆ గీరుకోవడమే ఎక్కువ పుణ్యమని తేల్చుకున్నారు. సులువైన దారి ఎక్కడానికి ఒక పూట పట్టేది. పోయినవాళ్లు కాళ్లు బొబ్బలెక్కి, చేతులు గీరుకుపోయి వచ్చి, "దారి శానా సులువు" అని పక్క ఊళ్లకు చెప్పేవాళ్లు.

అడ్డప్పకు అన్నీ ఆపమనే మొక్కులే. కోర్టు వాయిదాను ఆపు. అల్లుడి తాగుడు ఆపు. ఆలూరు నుంచి వస్తానన్న అత్తను ఆలూరులోనే ఆపు. ఆపేవాడు కూడా. కాకపోతే ఎంతవరకు ఆపాలో ఆయనకు తెలియదు. కౌతాళం నుంచి వచ్చిన ఒక రైతు, సెనక్కాయలు ఆరబోసుకున్నాను, వాన ఆపు స్వామీ అని మొక్కుకున్నాడు. వాన ఆగింది. ఆ ఏడంతా ఆగిపోయింది. ఆ రైతు కౌతాళం నుంచి ఆదోనికి బస్సెక్కితే కండక్టరు కూడా తిట్టాడట.

సుబ్బన్న హోటలు ఎత్తుకొచ్చి కొండ కింద పెట్టాడు. ఉగ్గాని, బజ్జీ, పక్కనే టెంకాయలు. శేషన్న నిలబడి జనాన్ని చూస్తూ మురిసిపోయాడు. జనం నడుస్తున్నారు. ఇక పర్మనెంటుకు అడ్డమేముంది?

వాదిరాజ జీపు దిగి ఆ జాతరను చూశాడు. ముఖం జేవురించింది. శేషన్నను తిట్టడానికి దారిలోకి నడిచి, మొదటి రాయి దగ్గర తనకు తెలియకుండానే చెప్పులు విప్పి, అప్పుడు తిట్టాడు.

"నేను దారి వెయ్యమన్నాను, తిరునాళ్ల పెట్టమనలేదు!"

"జనం నడుస్తాండారు గదా సామీ."

"ఎక్కడ నడుస్తున్నారు? రాళ్ల చుట్టూ తిరుగుతున్నారు! పెద్దాఫీసరు వచ్చే వారం వస్తున్నాడు. అడవిలో గుడి కట్టించావంటే నీ పనీ పోతుంది, నా మర్యాదా పోతుంది. ఆయన వచ్చేలోపల ఒక్క రాయి మీద కూడా సున్నం కనపడకూడదు. అన్నీ కడిగెయ్యి."

"సున్నం కడిగితే దారెట్లా తెలుస్తాది సామీ?"

"తెలియనక్కర్లేదు!" అని అరిచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంట్లో హుసేనమ్మ బొక్కెన అందించింది. "పోయి కడుగు. పర్మనెంటు కావల్ల" అంది. గడప దాటగానే వెనక్కి పిలిచింది. "కడిగితే సేతులు పడిపోతాయంట. కాలు పోయింది, సేతులు కూడా పోతే నిన్ను యాడ పెట్టుకునేది?" అంది. మళ్లీ నాలుగడుగులు వేయగానే, "ఏమిట్కి నిలబడినావు, పో!" అంది.

మొదటి రాయి మీద ఉరుకుందమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో కొడవలి. "కడగల్నంటే ముందు నన్ను కడుగప్పా. నీళ్లు మోసుకొచ్చినావు గదా, నేను కూడా తానం సేయక శానా దినాలైంది" అంది. శేషన్న బొక్కెన మోసుకుంటూ పైకి పోయాడు. ప్రతి రాయి దగ్గరా ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. అడ్డప్ప దగ్గర నీడ లేక ఎండ మండిపోతోంది కాబట్టి అక్కడ మాత్రం ఎవరూ లేరు.

బొక్కెనలో గుడ్డ ముంచి రాయి మీద పెట్టబోయాడు. సున్నంలో ఒక ఈతపీచు అతుక్కుని ఉంది. అతని కుంచెలోదే. ఇది గీసేటప్పుడు కాలు జారి కుంచె ఒకచోట వంకరపోయింది, ఆ వంకర కూడా అట్లాగే ఉంది. దీన్ని తానే చేశాడని శేషన్న కంటే బాగా తెలిసినవాడు భూమ్మీద లేడు. అయినా గుడ్డ పట్టుకున్న చెయ్యి ముందుకు పోలేదు. కడిగితే దేవుడు ఏం చేస్తాడో తెలియదు. కడగకపోతే ఆఫీసరు ఏం చేస్తాడో తెలుసు. గుడ్డ బొక్కెనలో పడేసి దండం పెట్టాడు.

"నిన్ను గీసింది నేనేలే సామీ. నీకూ తెల్సు, నాకూ తెల్సు. ఆ మాట ఇప్పుడెందుకు గానీ, ఏదీ కదలకుండా ఈడికి ఆపు. మళ్లా ఆ అరుగు మీదకు పోలేను."

రాయి వెనకాల ఎవరో దగ్గారు. వెనక నుంచి బయటికి వచ్చింది వాదిరాజ. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో టెంకాయ ఉంది.

"సామీ, మీరా!"

"దారి కొలుద్దామని వచ్చాను."

"టెంకాయతో కొలుస్తారా సామీ?"

వాదిరాజ రాయి పక్కనే కూలబడ్డాడు. "శ్రీకాకుళానికి బదిలీ చేస్తారట శేషన్నా. మా ఇంట్లో ఆమె మంత్రాలయానికి అంత దూరంలో కాపురం చెయ్యనంటోంది. నన్ను ఒక్కణ్నే పొమ్మంటోంది. అక్కడ నాకు వండిపెట్టేదెవరు?"

"ఇటలీలో ఎవరు వండిపెట్టినారు సామీ?"

"అందుకే అంత నడిచాను. ఆకలికి."

ఉన్నది ఒక టెంకాయ. ఇద్దరూ కలిసి కొట్టారు. చెరో చిప్ప తీసుకున్నారు. సున్నం కడిగే మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. బొక్కెనలో నీళ్లతో కాళ్లు కడుక్కుని కిందికి దిగారు.

పెద్దాఫీసరు చెప్పిన రోజునే బయల్దేరాడు. జీపు కొండ కనబడేంత దూరం వచ్చి ఆగిపోయింది. డ్రైవరు మూత ఎత్తి చూశాడు, దించి చూశాడు. పెద్దాఫీసరు వేపచెట్టు కింద కూర్చున్నాడు. సుబ్బన్న ఉగ్గాని, బజ్జీ పంపాడు. బజ్జీలో మిరపకాయ ఎక్కువై పెద్దాఫీసరుకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఎమ్మిగనూరు నుంచి వచ్చే బస్సు ఆపించుకుని, మళ్లీ వస్తానని చెప్పి ఆదోనికి తిరిగిపోయాడు. మళ్లీ రాలేదు. వాదిరాజ బదిలీ ఆగిపోయింది. శేషన్న పని ఊడలేదు. అడ్డప్ప పేరు హాలహర్వి దాటి కన్నడ దేశానికి పాకింది.

ఏళ్లు గడిచాయి. చూసేవాడు రాలేదు గనక దారి బాగుందనీ ఎవరూ రాయలేదు, బాగాలేదనీ రాయలేదు. శేషన్నను తీసేయలేదు, పర్మనెంటూ చేయలేదు. కాలి నొప్పి పెరగలేదు, తగ్గలేదు. వాదిరాజ కింద పనిచేసినవాళ్లు పైకి పోయి ఆయన మీద ఆఫీసర్లయ్యారు. ఆయన మాత్రం ఆదోనిలో అదే కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఆయనకు ప్రమోషను ఎందుకు రాలేదో కర్నూలులో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

ఒకరోజు హుసేనమ్మకు అనుమానం వచ్చింది. "ఆ దినం నువ్వు ఏం మొక్కుకున్నావు? సరిగ్గా సెప్పు."

"ఏదీ కదలకుండా ఈడికి ఆపమన్నాను."

హుసేనమ్మ చేతిలోని చేట కింద పడింది. "ఓరి నా మొగుడా! పని ఊడకుండా ఆపు, పర్మనెంటును ఆపొద్దు, అని పేరు పెట్టి సెప్పల్ల గదయ్యా! అది ఆపే దేవుడు. ఏదీ కదలొద్దంటే ఇంక ఆయన దేన్ని కదలనిస్తాడు?"

"ఇప్పుడేం సేద్దాం?"

"పో. ఒక్క గీత తుడిపెయ్. రెండూ వద్దు, కోపమొస్తాది. ఒక్కటి. పర్మనెంటు ఇంట్లోకి వచ్చినంక మళ్లా గీద్దువు."

శేషన్న ఎవరూ లేని పూట చూసుకుని పోయాడు. చెంపలు వేసుకుని, క్షమించమని చెప్పి, తడిగుడ్డతో ఒక గీత తుడిచాడు. మర్నాటికల్లా కబురొచ్చింది. గురువారం నాడు కర్నూలు నుంచి కొత్త పెద్దాఫీసరు వస్తాడట, టెంపరరీ వాచర్లందరినీ పర్మనెంటు చేస్తాడట. హుసేనమ్మ ఆదోనికి పోయి మొగుడికి కొత్త చొక్కా తెచ్చింది. సుబ్బన్న వచ్చి ఇంకో కబురు కూడా చెప్పాడు. వాదిరాజ సామికి శ్రీకాకుళం బదిలీ మళ్లీ బయటికొచ్చిందట, రమాబాయమ్మ నట్టింట్లో కూర్చుని ఏడుస్తోందట.

గురువారం పొద్దున శేషన్న కొత్త చొక్కా తొడుక్కుని, పెద్దాఫీసరు కంటే ముందు దేవుడికి కనబడదామని కొండెక్కాడు. అడ్డప్ప ముందుకు రాగానే నిలబడిపోయాడు. తుడిచిన గీత మళ్లీ వచ్చింది. జాజుతో కాదు, ఎర్రటి పెయింటుతో. ఎండకు తళతళ మెరుస్తోంది. కింద ఒక టెంకాయ చిప్ప, ఒకటే. గుడ్డ తడిపి రుద్దాడు, మట్టితో రుద్దాడు, గోటితో గీకాడు. కొత్త చొక్కాకు రంగు అంటింది గానీ గీత చెక్కుచెదరలేదు.

ఆ గురువారం పెద్దాఫీసరు రాలేదు. శ్రీకాకుళానికి ఇంకెవరో పోయారు.

తర్వాత వాదిరాజ వచ్చినప్పుడు సుబ్బన్న హోటలు ముందు ఇద్దరూ టీ తాగారు. శేషన్న ఆయన చేతులకేసి చూశాడు. గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు.

"సామీ, ఆఫీసుకు పెయింటు డబ్బాలు వచ్చినట్టున్నాయే?"

"రాలేదు శేషన్నా" అన్నాడు వాదిరాజ, చేతులు సంచి వెనక్కి పెట్టుకుని. "వస్తే చెప్పనా?"

శేషన్న టీ తాగి గ్లాసు బెంచీ మీద బోర్లించాడు. ఇంటికి పోతే హుసేనమ్మ ఏమంటుందో తెలుసు. ఆ ఊర్లో పర్మనెంటు అయింది ఆ గీత ఒక్కటే అంటుంది. పొద్దుననే ఒకసారి అంది. రేపూ అంటుంది. రేపు కూడా కొండెక్కాలి, రాళ్ల దగ్గర చిప్పలు ఏరాలి, అరుగు మీద మాత్రం కూర్చోనక్కర్లేదు.

"వచ్చినప్పుడు నాకూ కొంచెం ఇయ్యండి సామీ" అన్నాడు, లేచి కాలు సర్దుకుంటూ. "ఆ రెండో గీత జాజుదే గదా, వానకు కరిగిపోతాండాది."